సముద్రం, వంతుల వారీగా

యాసంగి వడ్ల లారీలు తగ్గినంక
సైదులుకు కాంటా కాడ మూడు రోజుల సెలవు దొరికింది.
బీరువా మీది సూట్‌కేసు దింపుదామని
స్టూలు జరిపిన, అంతే,
గోలీకి తెలిసిపోయింది.
జిప్పు ఇంకా గుంజనే లేదు.
స్టూలు కాళ్ల చప్పుడుకే
మంచం కింద దూరి వణుకుతున్నడు.

పై పోర్షనోళ్లు ఖాళీ చేసిన నాడు
డీసీఎంల మంచాలెక్కినయి, ఫ్రిజ్జెక్కింది,
పగిలిన తులసి కుండీ గూడ ఎక్కింది.
గేటుకు కట్టేసిన వీడొక్కడు కింద మిగిలిండు.
బండి మలుపు తిరిగినంక గూడ
తోక ఊపుతనే ఉన్నడట,
ఎదురింటి జానీబేగం చెప్పింది.
తాడు ఇప్పింది నేనే.
ఇప్పినట్టు వాడు ఇంకా నమ్ముతలేడు.

అప్పటి సంది మా ఇంట్ల
బయటికి పోవుడంటే ఒక చదువు.
పశువుల దవఖాన డాక్టరమ్మ రాసిచ్చింది:
తాళంచెవి తీసుకోండి, పోకండి.
చెప్పులు తొడుక్కోండి, కూసోండి.
గడప దాటండి. ఒక్క నిమిషం. వచ్చేయండి.
మళ్ల రెండు.
నలభై దాటినోళ్లం ఇద్దరం
మా ఇంటి మెట్ల కింద మేమే దొంగల లెక్క నక్కి
ఫోన్ల గడియారం చూసుకుంటం.
ఏడో నిమిషానికి తలుపు గీకుడు.
పదో నిమిషానికి గల్లీ అంత వినపడే ఏడుపు.
పదకొండో నిమిషం ఎట్లుంటదో
మేం ఎన్నడు చూడలె.
తలుపు కింది సగానికి నాగాచారి రేకు కొట్టిండు,
దాని మీద గూడ గీతలే.

అరకు అనుకున్నం, పోలె.
మా చెల్లె కొడుకు పెండ్లికి సైదులొక్కడే పోయి
నాకు జ్వరమని చెప్పిండు.
కుక్క కోసం ఆగిందంటే నవ్వుతరు గదా,
జ్వరానికి ఎవ్వరు నవ్వరు.

హైద్రాబాదుల కుక్కల హాస్టలుందట,
రోజు కిరాయి మా లాడ్జి కంటె ఎక్కువ.
ఫోటోలు పంపిన్రు: పచ్చ గడ్డి, గొడుగు, నీళ్ల తొట్టి.
సైదులు అవేవి చూడలె.
గేటు దిక్కే చూసిండు.
గొళ్లెం బయటి నుంచి ఉన్నది.

ఇగ లెక్క గిట్ల తెగింది.
ముందు ఆయన. బాపట్ల దాక రైలు,
ఆడికెల్లి ఆటోల సూర్యలంక. ఒక్క రాత్రి.
ఆయన వాపసొచ్చిన నలభై నిమిషాలకు
మిర్యాలగూడల నా బండి.
ఒకే సముద్రం, ఇద్దరికి చెరొక రోజు.

పొద్దుగూకంగ ఫోన్ల అలలు చూపించిండు.
గోలీ నీళ్లను చూడలె.
సైదులు గొంతు వినంగనే
ఫోను వెనక్కి పోయి వెతికిండు,
మనిషి ఏడున్నడని.

తెల్లారి ప్లాట్‌ఫారం మీద ఆయన దిగిండు,
ప్యాంటు మడతలల్ల ఇసుక.
వీడు ఎగిరిండు, ఏడ్సిండు, నా చీర మీద ఉచ్చ పోసిండు,
ఆఖరికి సైదులు చెప్పులు ఇప్పేదాక ఆగి
కాలి వేళ్ల సందుల ఉప్పు నాకిండు.
బెంచి మీద ముగ్గురం.
కాయితం పొట్లంల మిరపకాయ బజ్జీలు.
"ఎట్లున్నది?" అన్న.
"మస్తున్నది. పక్కకు తిరిగి రెండు సార్లు
నిన్ను పిలిచిన" అన్నడు.
బజ్జీల మిరపకాయ తీసేసి
పిండి ముక్క వానికి పెట్టిండు.

సంచి ఎత్తితే చూస్తడని
ముందే టీ కొట్టు కాడ దాచిన.
గుంటూరు బండి వస్తున్నదని మైకుల చెప్తున్నరు.
చెప్పులు తొడుక్కొని కూసున్న.
లేచి, స్తంభం దాక పోయి, వచ్చి కూసున్న.
గోలీ ఒక చెవి లేపి
నన్ను చూసిండు, ఆయన్ని చూసిండు.
పగ్గం సైదులు మణికట్టుకు రెండు చుట్లు ఉన్నది.

బండి ఈడ ఆగేది రెండే నిమిషాలు.
అంత దాక మా ముగ్గురికి వచ్చు.